మా తొట్టిలో వాళ్ళ చేప

డిసెంబరు 3

బోర్డు పూర్తయింది. పక్కింటి కీత్ తన గరాజులోంచి తెచ్చిన చెక్క మీద తెల్ల రంగు వేసి, దాని మీద నల్ల రంగుతో నా చేత్తో నేనే రాశాను. "ఈ చెరువులో పట్టిన చేపలను ఇంటికి తీసుకుపోరాదు. తిరిగి నీళ్ళలో వదలవలెను." మా పోలిష్ భాషలో మాత్రమే. ఇంగ్లిషులో అక్కర్లేదట. ఇంగ్లిషు వాళ్ళకు తెలుసట.

మొదట "దయచేసి" అని కూడా రాశాను. చేపలు పట్టే క్లబ్బు పెద్ద గోర్డన్ చూసి ఆ మాటేమిటని అడిగాడు. చెప్పాను. చోటు చాలదులే, తీసెయ్యమన్నాడు. ఆ చెక్క మీద ఇంకో రెండు వరుసలు పట్టేంత ఖాళీ ఉంది.

సరే, ఎవరో ఒకరు రాయాలి కదా. వాళ్ళు కంప్యూటర్‌లో వెతికి తప్పుల తడకగా పెట్టే కంటే నేను రాస్తేనే నయం. ఇంటికొచ్చి నా భార్య బోజెనాకు చెప్పాను. గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగింది.

డిసెంబరు 5

కూరగాయలు సర్దే మా షెడ్డులో బుడ్డ క్యాబేజీల కాలం. పొద్దున్నుంచీ అవే పెట్టెలకెక్కించడం. క్రిస్మస్ పండగ రోజున ఇంగ్లిషు వాళ్ళందరూ ఇవి తింటారు, ఒక్కడికీ ఇష్టం లేదంటారు. మరి ఎందుకు తింటారయ్యా అంటే ఆచారం అంటారు. ఆ ఆచారం కోసం నా నడుం పడిపోయింది.

వీటెక్ పొలం నుంచి వస్తూ చెరువు గేటు దగ్గర బోర్డు చూశాడట. వీటెక్ అంటే బోజెనా తమ్ముడు. అక్టోబరు నుంచి మా ఇంట్లోనే ఉంటూ క్యాబేజీ కోతకు వెళ్తున్నాడు. భోజనాల దగ్గర మొదలుపెట్టాడు.

"బావా, గేటు దగ్గర మన భాషలో ఎవరో ముచ్చటగా రాశారు. రాత అచ్చం నీదిలాగే ఉంది."

"నాదే."

"ఓహో. నాకొక సంగతి చెప్పు. చేపను పడతారు, తూస్తారు, ఫొటో తీస్తారు, గాలం గుచ్చుకున్న చోట మందు రాస్తారు, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. అంతేనా?"

"అంతే."

"మరి ఎందుకు పట్టడం? పాపం, దానికేమో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినట్టుంటుంది!"

బోజెనా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. అది ఆట అని, తిండి కోసం కాదని ఎంత చెప్పినా వీడి బుర్రకెక్కదు. ఆ క్లబ్బులో చేరడానికి ఆరేళ్ళు ఎదురుచూశాను. పక్కింటి కీత్ నా తరఫున చెప్పకపోతే ఇంకో ఆరేళ్ళు చూసేవాణ్ణి. ఈ ఊళ్ళో ఇంతమంది పోలిష్ వాళ్ళున్నారు, ఆ గేటు తాళంచెవి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. వీడికేం తెలుసు.

డిసెంబరు 9

డోరిస్ కనబడటం లేదట.

డోరిస్ మనిషి కాదు, కార్ప్ చేప. ఆ చెరువులో చేపలన్నిటికీ పేర్లున్నాయి. పెద్దదేం కాదు గానీ అన్నిటికంటే ముసలిది. కుడిపక్కన కోటు బొత్తాల్లాగా పెద్ద పొలుసులు వరుసగా ఉంటాయి. నేనెప్పుడూ పట్టలేదు, క్లబ్బు గదిలో ఫొటో చూశానంతే. భార్య చనిపోయిన ఏడాది కీత్ ఇంట్లో ఉండలేక రోజూ వెళ్ళి ఆ గట్టు మీద కూర్చునేవాడట. అప్పుడు పట్టాడు దాన్ని. అప్పట్నుంచి అదంటే ప్రాణం. సెప్టెంబరు తర్వాత ఎవరి గాలానికీ పడలేదని ముసలాయన దిగులు పెట్టుకున్నాడు.

చలికాలం కదా, అడుక్కి వెళ్ళి పడుకుంటాయి అన్నాను. గోర్డన్ దగ్గాడు.

"ఎవరినీ అనడం లేదు లెస్. కానీ క్రిస్మస్ దగ్గర పడుతోంది కదా. పండగకి కార్ప్ వండుకోవడం మీ వాళ్ళకొక అలవాటు కదా."

నా పేరు లెషెక్. అక్కడ లెస్. "మా వాళ్ళకేంటి? మా వాళ్ళు దుకాణంలో కొనుక్కుంటారు. అసలు ఆ చేప ముసలితనంతో చచ్చిపోయిందేమో చూసుకున్నారా?" అని మొహం మీదే అడిగేద్దామనుకున్నాను.

"నేనొక కన్నేసి ఉంచుతాను" అన్నాను.

డిసెంబరు 10

వ్యానులో ఇంటికొస్తున్నప్పుడు తట్టే జవాబులు ఎంత బాగుంటాయో!

డిసెంబరు 12

మందుల షాపులో ఒక పెద్దావిడ. నా ఇంగ్లిషు యాస విని ఎంతో ప్రేమగా, "అయితే ఎప్పుడు వెళ్ళిపోతున్నారు బాబూ?" అంది. జూన్‌లో యూరప్ నుంచి విడిపోవడానికి ఓట్లయిన దగ్గర్నుంచి ఇది మూడోసారో నాలుగోసారో. తిట్టినా బాగుండును, తిరిగి తిట్టొచ్చు. నవ్వుతూ అడుగుతుంటే ఏం చెయ్యను? "దగ్గు మందు తీసుకుని వెళ్ళిపోతానండీ" అన్నాను. ఆవిడకర్థం కాలేదు.

షెడ్డులో డ్రైవరు ఒకడు మేము హంసల్ని కూడా తింటామన్నాడు. వాళ్ళ బావగారి స్నేహితుడెవరో చూశాడట. ఎప్పుడూ ఎవరో స్నేహితుడే చూస్తాడు. నేను గట్టిగా వాదించాను. మావాళ్ళను అన్యాయంగా ఒక మాటంటే నేను ఊరుకోను.

డిసెంబరు 16

వీటెక్ చేప తెచ్చాడు.

నేను షెడ్డు నుంచి వచ్చేసరికి స్నానాల గది తలుపు వేసి ఉంది. లోపల అక్కాతమ్ముళ్ళు నవ్వుకుంటున్నారు. బోజెనా అలా నవ్వి చాలా కాలమైంది. తలుపు తోస్తే తొట్టిలో కార్ప్. బతికున్నది. మా ఊళ్ళో అమ్మ తెచ్చే వాటికి రెండింతలుంది.

"చూశావా బావా! పండగంటే ఇదీ!" అన్నాడు వీటెక్. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి.

ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి మేము దుకాణంలో మంచులో పెట్టిన ముక్కలే కొంటున్నాం. పండగ ముందు తొట్టిలో చేప ఈదడం, ఇంటిల్లిపాదీ స్నానాలు మానుకుని బకెట్టుతో సర్దుకోవడం, ఇవన్నీ వదిలేసి చాలా ఏళ్ళయింది. చూడగానే తొట్టి అంచున కూర్చుండిపోయాను, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఎక్కడిది?" అన్నాను.

"అడక్కు."

"అడక్కేంట్రా? ఎక్కడిది?"

"పండగ కానుక ఎక్కడిదని ఎవరైనా అడుగుతారా బావా? నీకు చెబితే నువ్వు కీత్‌కి చెబుతావు. కీత్ గోర్డన్‌కి చెబుతాడు. గోర్డన్ పరిగెత్తుకొచ్చి దీనికొక పేరు పెట్టి, ఫొటో తీసి, నీళ్ళలో వదలమంటాడు!"

బోజెనా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాననే అనుకుంటున్నాను.

డిసెంబరు 17

సబ్బు కోసం వెళ్ళి చూశాను. సబ్బు కోసమే.

కుడిపక్కన పెద్ద పొలుసులు వరుసగా ఉన్నాయి.

పండగ కార్ప్ అన్నిటికీ అలాగే ఉంటాయి. చిన్నప్పట్నుంచి చూస్తూనే ఉన్నాను. ఎడమపక్కన కూడా ఉన్నాయేమో చూద్దామనుకున్నాను గానీ అది తిరగలేదు.

వీటెక్ బూట్లకు నిన్న బురదుంది. వాడు పనిచేసేది పొలంలో, రోజూ ఉంటుంది. చెరువు వాడొచ్చే దారిలోనే ఉంది. ఆ దారిన వచ్చేవాళ్ళు బోలెడుమంది. "అడక్కు" అన్నాడు. హాస్యానికన్నాడు.

వాడి మీద నాకు అనుమానమేమీ లేదు. మా పెళ్ళినాటికి ఇంతవాడు, నా వేలు పట్టుకుని తిరిగాడు. కానీ వాడికి ఇక్కడి పద్ధతులు తెలియవు. తెలియక చేసేది దొంగతనం కాదు, అది వేరే సంగతి. ఒకవేళ కీత్ ఏ చక్కెర కోసమో ఇంటికొచ్చి, ఒక్కసారి బాత్రూమ్‌కి వెళ్ళొస్తానంటే?

డిసెంబరు 18, ఆదివారం

బోజెనా, వీటెక్ పోలిష్ ప్రార్థనకు బయల్దేరారు. నేను తలనొప్పన్నాను. నిజంగానే నొప్పిగా ఉంది.

వాళ్ళను ఎక్కించుకున్న చర్చివాళ్ళ కారు వెళ్ళిపోగానే తడి తువ్వాలు తీసుకున్నాను. బట్టల టబ్బులో నీళ్ళు పోసి, చేపను చుట్టి అందులో పెట్టి, షెడ్డుకు వాడే నా పాత వ్యాను వెనక ఎక్కించాను. వీధిలో కుక్కను తిప్పుతున్న ఒకాయన గుడ్ మార్నింగ్ అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నవ్వాను. పొగమంచు పట్టి ఉంది, చెరువు దగ్గర నరపురుగు లేదు. నా తాళంచెవితో నేనే గేటు తీశాను. నేను రాసిన బోర్డు పక్కనుంచే టబ్బు ఈడ్చుకుంటూ వెళ్ళాను.

గట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వదిలాను. కాసేపు అలాగే ఉండిపోయింది. "వెళ్ళు డోరిస్" అన్నాను, ఇంగ్లిషులో. తోక ఒక్కసారి విదిలించి పోయింది. నా మొహం నిండా నీళ్ళు. మనసు తేలికపడింది. పరువు దక్కింది అనుకున్నాను. నాది, వీటెక్‌ది, ఇక్కడి మావాళ్ళందరిదీ. ఇంటికొచ్చి ఏం మాట్లాడాలో తయారు చేసుకుని కూర్చున్నాను.

వాళ్ళు వచ్చారు. బోజెనా పైకి వెళ్ళి దిగి వచ్చింది.

"చేప ఏది?"

"దాని చోట దాన్ని వదిలేశాను. ఎవరికీ చెప్పను. ఇంతటితో అయిపోయింది."

వీటెక్ కోటు విప్పుతున్నవాడు ఆగిపోయాడు. "దాని చోటేంటి బావా?"

"నేనేం చిన్నపిల్లాణ్ణి కాదురా. చెరువులోంచి తెచ్చావు. తప్పని కూడా అనను, నీకు తెలియదు. మన దగ్గర నీళ్ళలో పట్టింది వంటింటికి రావడం మామూలే. కానీ ఇక్కడ..."

"నేను చెరువులోంచి తెచ్చానా?"

"ఎవరినీ అనడం లేదు, కానీ..." అన్నాను.

ఈ మాట నాది కాదు, గోర్డన్‌ది. నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో.

బోజెనా కుర్చీ లాక్కుని కూర్చుంది. కోటు కూడా విప్పలేదు. "పీటర్‌బరో పట్నం అవతల చేపలు పెంచే ఆయన దగ్గర కొన్నాం. నేనూ వెళ్ళాను. చర్చి ఆడవాళ్ళతో బజారుకన్నానే, ఆ రోజు. రెండు బస్సులు మారాం. వస్తున్నంతసేపూ బకెట్టు నా ఒళ్ళోనే ఉంది. బస్సులో ఒక ముసలావిడ తొంగిచూసి, 'దానికి ఊపిరాడుతోందా అమ్మా' అని అడిగింది కూడా. నీకు సరదాగా ఉంటుందని చెప్పలేదు."

"నాకు చెప్పొచ్చుగా!" అని అరిచాను.

"నన్ను అడగొచ్చుగా" అంది. అరవలేదు.

నిజమే. బోజెనా ఆ రోజు ఆ గదిలోనే ఉంది. తొట్టి పక్కనే నిలబడి నవ్వుతోంది. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగాలని నాకు తట్టనే లేదు.

వీటెక్ కోటు విప్పి కుర్చీ మీద వేశాడు. "అయితే ఆ బోర్డు నా కోసమే రాశావన్నమాట బావా" అన్నాడు. అని పైకి వెళ్ళిపోయాడు.

డిసెంబరు 19

ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. స్నానాలు మాత్రం చేశారు.

డిసెంబరు 20

అసలు సంగతి నాకు నిన్న షెడ్డులో పెట్టెలు ఎత్తుతుండగా తట్టింది. తట్టగానే ఎత్తిన పెట్టె కింద పెట్టేశాను. బయటి చేపను అనుమతి లేకుండా చెరువులో వదలడం ఇక్కడ నేరం. జబ్బులు వస్తాయని. క్లబ్బులో చేరేటప్పుడు మొదట చెప్పిన మాటే అది. దొంగతనం జరగనే లేదు, దాన్ని సరిదిద్దబోయి నేను నేరం చేసి కూర్చున్నాను.

నిన్నా, ఈరోజూ పని అవగానే గాలం పట్టుకుని వెళ్ళాను. నేను వదిలిన చేపను నేను పట్టలేకపోతానా అని. ఆ గట్టు మీదే, ఆ చోటే కూర్చున్నాను. దానికి ఇంట్లో అలవాటైన రొట్టె ముక్కలే ఎర వేశాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఒక్కటి ముట్టలేదు. దాని మొహం మండ, తొట్టిలో అంత కదలకుండా ఉన్నది ఇప్పుడు ఎక్కడ దాక్కుందో!

కీత్ ఫ్లాస్కుతో టీ తెచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇంత చలిలో డోరిస్ కోసం కాపలా కాస్తున్నావా లెస్? నీలాంటి వాళ్ళు ఇంకో పదిమంది ఉంటే ఏ గొడవా ఉండదు" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

టీ తాగాను.

డిసెంబరు 21

డోరిస్ దొరికింది. రెల్లు పొదల్లో, చచ్చిపోయి. చాలా రోజులైందట. గాయం లేదు, గాలం గుర్తు లేదు. ముసలిదైపోయి చచ్చింది, అంతే. నేను ఎప్పుడో అనుకున్నాను, గోర్డన్‌తో అనలేదు.

బోజెనాకు చెబితే, "పాపం కీత్" అంది. నాతో మూడు రోజుల తర్వాత మాట్లాడిన మాట అదే. అదీ నా గురించి కాదు.

డిసెంబరు 22

గోర్డన్‌కి పడింది. మా చేప. రెండు రోజులు నేను కూర్చున్న చోటే, వాడికి పావుగంటలో పడింది.

డిసెంబరు 24

రాత్రి భోజనాలయ్యాక రాస్తున్నాను.

మధ్యాహ్నం కీత్ వచ్చాడు. ఏటా వచ్చినట్టే బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. ముందు గదిలో నిలబడే మాట్లాడాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. డోరిస్‌ను గట్టు మీద పాతిపెట్టాడట. మొదట్లో అందరూ ఏదేదో అన్నందుకు సిగ్గుగా ఉందన్నాడు. నా చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఈ రోజు మనిషిలా ఉండేవాణ్ణి.

"కానీ ఇంకో గొడవొచ్చింది లెస్. గోర్డన్ పట్టిన చేప మనది కాదు. మన చేపలన్నిటి ఫొటోలూ ఉన్నాయి కదా, ఇది వాటిలో లేదు. ఎవరో తెచ్చి పడేశారు. పరీక్షలయ్యేదాకా చెరువు మూసేస్తున్నారు. జబ్బుగానీ తగిలిందా, అన్నీ పోతాయి. గోర్డన్ నీ తాళంచెవి వెనక్కి తీసుకుందామన్నాడు. నేను ఒప్పుకోలేదు. లెస్ అలాంటివాడు కాదు, లెస్ మనవాడు అన్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "మీవాళ్ళలోనే ఎవరో అయ్యుంటారు. ఎవరో నీకేమైనా తెలుసా?"

చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. ఇంగ్లిషులో ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. "అది దొంగిలించిన చేప అనుకుని నేనే తెచ్చి వదిలాను" అనాలి. అంటే వెంటనే "ఎవరు దొంగిలించారనుకున్నావు?" అంటాడు. దానికేం చెప్పను?

వంటింటి గుమ్మంలోకి వీటెక్ వచ్చి నిలబడ్డాడు. పులుసుకు బీట్‌రూట్ తరుగుతున్నాడు, చేతులు ఎర్రగా ఉన్నాయి. వాడికి ఇంగ్లిషు రాదనుకున్నాను. కావలసినంత వచ్చన్నమాట.

"నేను" అన్నాడు, వచ్చీరాని ఇంగ్లిషులో. "చేప. నేను. చెరువులో. సారీ."

కీత్ వాణ్ణి ఎగాదిగా చూశాడు. కోపం కూడా రాలేదు ఆయనకి, జాలి వచ్చింది. "ఎందుకు బాబూ?"

వీటెక్ మాటల కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. "క్రిస్మస్" అన్నాడు.

కీత్ నా భుజం తట్టాడు. "నీకెంత తలనొప్పో ఇప్పుడర్థమైంది లెస్. మెల్లగా నేర్పు ఇతనికి, మన పద్ధతులు. గోర్డన్‌కి నేను సర్దిచెబుతాను, పోలీసులదాకా పోనివ్వను. ఇతను మాత్రం ఆ చెరువు వైపు రాకూడదు. నీ తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది, దిగులుపడకు."

"థాంక్యూ" అన్నాను.

తలుపు వేశాక వీటెక్ వైపు తిరిగాను. "ఎందుకురా? నిన్నెవడు చెప్పమన్నాడు?" అని వాడి మీదే విరుచుకుపడ్డాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అప్పుడు నిజంగా వాడి మీదే కోపం వచ్చింది.

"నాకేం పోతుంది బావా? వాళ్ళు ఎలాగూ నన్నే అనుకుంటారు. నువ్వూ అనుకున్నావు. నీకైతే తాళంచెవి ఉంది" అన్నాడు. మళ్ళీ వెళ్ళి బీట్‌రూట్ తరుక్కున్నాడు.

మొదటి చుక్క పొడిచాకే పండగ భోజనానికి కూర్చోవాలి, కానీ మంచు పట్టి ఆకాశంలో చుక్క కనబడలేదు. వీధి దీపం వెలగగానే బోజెనా అదే చుక్క అనుకుందామంది, బల్ల దగ్గరికి రమ్మంది. కార్ప్ ఉండాల్సిన పళ్ళెంలో దుకాణంలో కొన్న కాడ్ చేప ముక్కలున్నాయి. తినేముందు ఎప్పటిలాగే తలొక పల్చని తెల్ల రొట్టె తీసుకున్నాం. ఒకరి రొట్టెలోంచి ఒకరు తుంచుకుని, మంచి జరగాలని చెప్పుకోవాలి. అప్పటిదాకా ఏ గొడవున్నా అక్కడితో తీరిపోవాలి. ఏ ఇంట్లోనైనా ఇంతే, ఏ దేశంలో ఉన్నా ఇంతే.

వీటెక్ ముందుగా నా దగ్గరికొచ్చాడు. నా రొట్టెలోంచి తుంచుకున్నాడు. "వచ్చే ఏడాది నీకు చేపలు బాగా పడాలి బావా. పెద్దవి" అన్నాడు. వెటకారం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి.

"నీకు మంచి పని దొరకాలి" అన్నాను.

"దొరికింది. పీటర్‌బరోలో ఆ చేపలాయన రమ్మన్నాడు. కొత్త సంవత్సరం రాగానే వెళ్ళిపోతున్నా."

బోజెనాకు ఈ సంగతి ముందే తెలుసు. ఆమె మొహం చూస్తే తెలిసింది. నేను ఆమె వైపు తిరిగి రొట్టె తుంచబోయాను. ఆమె చెయ్యి చాపే ఉంచింది, కానీ రొట్టె మీద బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టింది.

"కీత్‌కి ఎప్పుడు చెబుతావు?"

"చెబుతాను బోజెనా. పండగ కానీ."

"ఆయన పక్కింట్లోనే ఉన్నాడు. దీపం వెలుగుతూనే ఉంది."

"పండగ పూట ఎందుకు..."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. రొట్టె తుంచనివ్వలేదు. మా పెళ్ళయ్యాక ఇలా జరగడం ఇదే మొదలు. "పులుసు చల్లారిపోతోంది" అని వీటెక్‌కి వడ్డించింది.

చెబుతాను. పండగయ్యాక తప్పకుండా చెబుతాను. ముసలాయన ఒంటరివాడు, డోరిస్ పోయిన దుఃఖంలో ఉన్నాడు. ఇలాంటప్పుడు వెళ్ళి బాధపెట్టడం మర్యాద కాదు.